న్యూజెర్సీ శ్రామిక శక్తి ఎంత? ఒకే రాష్ట్రానికి రెండు సంఖ్యలు ఎందుకున్నాయి?

హడ్సన్‌గట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. న్యూజెర్సీలో ఉద్యోగ శిక్షణ ఇచ్చే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో చేరి కొన్ని నెలలైంది. మా డైరెక్టరుగారు బోర్డు మీటింగు కోసం ఒక్క పేజీ రాసివ్వమన్నారు. రాష్ట్రంలో శ్రామిక శక్తి ఎంత, పెరుగుతోందా తగ్గుతోందా అన్నదే విషయం. గంటలో తేల్చేస్తాననుకున్నాను. రెండు రోజులైనా ఇంకా మొదటి వాక్యం దగ్గరే ఉన్నాను.

ఒకచోట 'సివిలియన్ లేబర్ ఫోర్స్' అని దాదాపు 49 లక్షలు కనిపిస్తోంది. ఇంకోచోట 'నాన్‌ఫార్మ్ పేరోల్' అని 44 లక్షల లోపు ఉంది. రెండూ కార్మిక గణాంకాల సంస్థ బీఎల్ఎస్ పేరుమీదే ఉన్నాయి, రెండూ న్యూజెర్సీవే. మధ్యలో ఉన్న తేడా అంతా నిరుద్యోగులేమో అనుకుంటే, నిరుద్యోగుల వరసలో కనిపించేది అందులో సగమే.

ఇంకో చిక్కు కూడా ఉంది. జనవరిలో నేను దించుకున్న ఎక్సెల్ షీటులోని పాత ఏడాది అంకెలు, ఇప్పుడు అదే వెబ్‌సైట్లో వేరేగా ఉన్నాయి. గడిచిపోయిన ఏడాది అంకెలు ఎలా మారతాయి? అసలు ఈ జనాన్ని ఎవరు లెక్కపెడుతున్నారు? 'సివిలియన్' అన్న మాట ఎందుకు? తెలిసినవాళ్లు కాస్త ఓపిగ్గా చెప్పండి.

పట్టికలపిచ్చి

మూడు జల్లెళ్లు ఉన్నాయనుకోండి.

మొదటిది మనిషిని చూస్తుంది. వయసు 16 నిండాలి (1967కి ముందు 14 ఉండేది). సైన్యంలో యాక్టివ్ డ్యూటీలో ఉండకూడదు, జైలు, నర్సింగ్ హోమ్ లాంటి చోట్ల ఉండకూడదు. 'సివిలియన్' అన్న మాట వచ్చింది ఇక్కడే. పై వయసుకు హద్దు లేదు. 80 ఏళ్ల పెద్దాయన వారానికి రెండు రోజులు అకౌంట్లు రాసి డబ్బు తీసుకుంటే ఆయనా లెక్కలో ఉన్నట్టే.

రెండో జల్లెడ, సర్వే అడిగే వారంలో పని చేశారా అని చూస్తుంది. మూడోది, పని లేకపోతే వెంటనే చేరడానికి సిద్ధంగా ఉండి గత నాలుగు వారాల్లో వెతికారా అని చూస్తుంది. పని ఉన్నవాళ్లు, వెతుకుతున్నవాళ్లు కలిసి లేబర్ ఫోర్స్ అవుతారు. రెండూ కానివాళ్లు దాని బయట. మళ్లీ రమ్మంటారన్న నమ్మకంతో తాత్కాలిక లేఆఫ్‌లో ఉన్నవాళ్లు మాత్రం వెతకకపోయినా నిరుద్యోగుల కిందే లెక్క.

డల్లాస్‌కుర్రాడు

అక్కా, నాకు తెలిసినంతలో నిరుద్యోగుల అంకె అన్‌ఎంప్లాయ్‌మెంట్ క్లెయిముల (నిరుద్యోగ భృతికి పెట్టుకునే దరఖాస్తుల) నుంచి వస్తుంది. 2023లో నా ఉద్యోగం పోయింది. టెక్సస్‌లో భృతి గరిష్ఠంగా 26 వారాలే. అది అయిపోయాక కూడా నాకు ఉద్యోగం రాలేదు, కానీ అప్పటినుంచి నన్ను ఎవరూ లెక్కపెట్టలేదు కదా. కాబట్టి ఈ అంకెలన్నీ నిజం కన్నా తక్కువే చూపిస్తాయని నా అభిప్రాయం.

రిచ్మండ్‌శారద

డల్లాస్ బాబూ, మీ బాధ అర్థమైంది. కానీ భృతి అందుకుంటున్నారా లేదా అన్నదాన్ని బట్టి నిరుద్యోగిగా లెక్కించరు. ఈ లెక్క కోసం కొన్ని ఇళ్లని ఎంచుకుని చేసే సర్వేలో మా ఇల్లు పడింది కాబట్టి నాకు తెలుసు. మీ ఇల్లు కూడా పడి ఉండి, మీరు అప్పుడు ఉద్యోగం వెతుకుతున్నానని చెప్పి ఉంటే, భృతి ఆగిపోయినా మిమ్మల్ని నిరుద్యోగిగానే రాసుకునేవారు.

మా అనుభవం చెప్తాను. ముందు సెన్సస్ బ్యూరో నుంచి ఉత్తరం వచ్చింది. ఏదో మోసం అనుకుని మావారు పక్కన పడేశారు. నాలుగైదు రోజులకి మెడలో గుర్తింపు కార్డు వేసుకుని, చేతిలో లాప్‌టాప్‌తో ఒక పెద్దావిడ వచ్చారు. గుమ్మం దగ్గరే నిలబడబోతే లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. ఇంట్లో ఎవరెవరు ఉంటారు, వయసులెంత అని అడిగి, తర్వాత ఒక్కొక్కరి గురించి మొదలుపెట్టారు. "పోయిన వారం జీతానికి గానీ లాభానికి గానీ ఏమైనా పని చేశారా?" అన్న ప్రశ్న ఇప్పటికీ నాకు మాటమాటా గుర్తుంది. 'మీకు ఉద్యోగం ఉందా' అని అడగలేదు. పోయిన వారం అనే అడిగారు.

అప్పుడు మా అత్తగారు విజిటర్ వీసా మీద మా దగ్గరే ఉన్నారు. ఆవిడ పేరు చెప్పబోతే, మామూలుగా ఉండే ఇల్లు ఇది కాదు కదా అని వదిలేశారు. మా అమ్మాయి మాత్రం కాలేజీ హాస్టల్లో ఉంటుంది, ఇంట్లో ఉండనే ఉండదు. తనని మా ఇంటి లెక్కలోనే రాసుకున్నారు! డార్మ్‌లో ఉండే పిల్లలని ఈ సర్వేలో అమ్మానాన్నల ఇంట్లోనే చూపిస్తారట. తను లైబ్రరీలో వారానికి ఎనిమిది గంటలు పని చేస్తుంది. అలా వేరే రాష్ట్రంలో చదువుతున్న పిల్ల వర్జీనియా శ్రామిక శక్తిలో చేరింది. తన తరఫున జవాబులు నేనే చెప్పాను, ఇంట్లో ఒకరు అందరి గురించి చెప్పవచ్చు.

అలా నాలుగు నెలలు వరసగా అడిగారు, ఎనిమిది నెలలు వదిలేశారు, మళ్లీ నాలుగు నెలలు అడిగారు. మొదటిసారి తప్ప ఎక్కువగా ఫోన్లోనే.

పట్టికలపిచ్చి

శారద గారు చెప్పిన '4-8-4' లోనే ఉంది కిటుకు. ఈ నెల అడిగిన ఇళ్లలో నాలుగింట మూడు వంతులు వచ్చే నెల కూడా ఉంటాయి. ఏడాది తర్వాత అదే నెలలో సగం ఇళ్లు మళ్లీ ఉంటాయి. అందువల్ల నెలనెలా మార్పు, ఏడాదికి ఏడాది మార్పు కాస్త నిలకడగా కనిపిస్తాయి. ఇంకో సంగతి, వాళ్లు ఎంచుకునేది చిరునామాని, కుటుంబాన్ని కాదు. మధ్యలో మీరు ఇల్లు మారితే మీ వెంట రారు. ఆ ఇంట్లోకి కొత్తగా దిగినవాళ్లని అడుగుతారు.

హడ్సన్‌గట్టు

శారద గారూ, చాలా థాంక్సండీ. ఇది ఏ పీడీఎఫ్‌లోనూ ఇంత బాగా అర్థం కాలేదు. అయితే మా మరదలి సంగతేంటి? హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగి భార్యకి ఇచ్చేది) మీద ఉంది, ఎంటెక్ చదివింది. పని అనుమతి కార్డు ఇంకా రాలేదు. పని చేయాలని ఉంది, కానీ వెతకడానికే లేదు.

లెక్కలమాస్టారు

అమ్మా, ఆలస్యంగా చూశాను. ఒక రాష్ట్ర కార్మిక శాఖలో, లేబర్ మార్కెట్ సమాచారం చూసే విభాగంలో ఇరవై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. నెలనెలా ఈ అంకెతోనే తెల్లవారేది, ఈ అంకెతోనే పొద్దుపోయేది.

మీ మరదలు జనాభాలో ఉంది, శ్రామిక శక్తిలో లేదు. సర్వేలో వీసా ఏమిటని అడగరు. పౌరసత్వం అడుగుతారు, పుట్టిన దేశం అడుగుతారు. ఇక్కడ నివాసం ఉంటున్న వాళ్లందరూ లెక్కే. 2024లో దేశం మొత్తం శ్రామిక శక్తిలో విదేశాల్లో పుట్టినవాళ్లు 19.2 శాతం, అంటే అయిదుగురిలో దాదాపు ఒకరు. మనవాళ్లు చాలామంది అందులోనే ఉన్నారు. కానీ పని వెతకని మనిషి, కారణం ఏదైనా సరే, బయటే. పని అనుమతి కార్డు వచ్చి మొదటి రెజ్యూమే పంపిన రోజున ఆమె నిరుద్యోగిగా శ్రామిక శక్తిలోకి అడుగుపెడుతుంది. రాష్ట్ర శ్రామిక శక్తి ఒకటి పెరుగుతుంది, నిరుద్యోగుల సంఖ్య కూడా ఒకటి పెరుగుతుంది. చూడండి, ఒక మంచి అడుగు వేసిన మనిషి వల్ల పత్రికలో అంకె చెడ్డగా కనిపిస్తుంది.

ఇక మీ అసలు ప్రశ్నకి వస్తాను. ఎవరు లెక్కపెడతారు? ఎవరూ తలలు లెక్కపెట్టరమ్మా. శారద గారింటికి వచ్చిన సర్వే పేరు కరెంట్ పాపులేషన్ సర్వే, సీపీఎస్. 1940లో మొదలైంది, ఆర్థిక మాంద్యం కాలంలో పుట్టిన వర్క్స్ ప్రోగ్రెస్ అడ్మినిస్ట్రేషన్ దాన్ని నడిపేది. 1942లో సెన్సస్ బ్యూరో చేతికి వచ్చింది. ఇప్పుడు ఇళ్లకి వెళ్లేది సెన్సస్ వాళ్లు, అంకెలు తేల్చి ప్రకటించేది బీఎల్ఎస్. నెలకి సుమారు 60 వేల ఇళ్లు. పని చేశారా అన్న ప్రశ్నలు మామూలుగా ఆ నెల 12వ తేదీ పడిన వారం గురించే.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటాం కదా. దేశం ఒకే కుండ అయితే 60 వేల మెతుకులు బ్రహ్మాండంగా సరిపోతాయి. కానీ అవే మెతుకులని 50 రాష్ట్రాల కుండలకీ, రాజధాని వాషింగ్టన్ డీసీకీ పంచాలి. చిన్న రాష్ట్రానికి మిగిలే ఇళ్లు అంత తక్కువ కాబట్టి ఒక నెల జవాబుల్నే నమ్మితే అంకె గంతులేస్తుంది. రాష్ట్రాల విషయంలో సీపీఎస్ పెట్టుకున్న లక్ష్యమే చూడండి. నిరుద్యోగ రేటు 6 శాతం ఉన్నప్పుడు, దాని *ఏడాది సగటు*లో ప్రామాణిక దోషం (కొన్ని ఇళ్లనే అడగడం వల్ల వచ్చే ఊగిసలాట) ఆ రేటులో 8 శాతానికి మించకూడదు. అంటే దాదాపు అర పాయింటు. ఏడాదంతా కలిపి సగటు తీస్తేనే అర పాయింటు ఊగిసలాట ఉంటే, ఒక్క నెలకి ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి.

అందుకే రాష్ట్రాలకి నేరుగా సర్వే అంకె ఇవ్వరు, మోడల్, అంటే గణిత నమూనా, వాడతారు. ఆ కార్యక్రమం పేరు లోకల్ ఏరియా అన్‌ఎంప్లాయ్‌మెంట్ స్టాటిస్టిక్స్, మేం 'లాస్' అనేవాళ్లం. మోడల్లోకి సర్వే జవాబులతో పాటు ఆ రాష్ట్రపు భృతి క్లెయిములు, కంపెనీల పేరోల్ సంఖ్యలు కూడా వెళ్తూ వచ్చాయి. డల్లాస్ బాబు చెప్పింది పూర్తిగా తప్పు కాదన్నమాట. క్లెయిములు లెక్కకి సాయపడతాయి, కానీ లెక్క అదే కాదు. 1989లో 39 చిన్న రాష్ట్రాలకీ డీసీకీ మోడల్ పెట్టారు. పెద్ద రాష్ట్రాలు పదకొండింటికి 1995 దాకా నేరుగా సర్వే అంకెలే ఇచ్చేవారు. మీ న్యూజెర్సీ ఆ పదకొండులో ఒకటి! 1996 నుంచి అన్ని రాష్ట్రాలకీ మోడలే.

డల్లాస్‌కుర్రాడు

మాస్టారూ, సరిదిద్దినందుకు థాంక్స్. ఇన్నాళ్లూ తప్పు నమ్మాను.

కానీ ఒకటి అడుగుతాను. వారంలో ఒక్క గంట పని చేస్తే 'ఉద్యోగం ఉన్నట్టు' రాస్తారట, నిజమేనా? భృతి ఆగాక నేను వారానికి ఆరేడు గంటలు డెలివరీలు చేశాను. ఆ డబ్బుతో అద్దెలో పావు వంతు కూడా రాలేదు. నన్ను ఉద్యోగస్తుడి కింద రాస్తే ఆ లెక్కకి అర్థం ఏముంది?

లెక్కలమాస్టారు

నిజమే నాయనా. డబ్బుకోసం ఒక గంట చేసినా ఉద్యోగి కిందే లెక్క. ఒకే ఇంట్లో ఉంటూ ఇంటివాళ్ల వ్యాపారంలో జీతం లేకుండా చేసేవాళ్లయితే 15 గంటలు ఉండాలి.

ఆ గీత అక్కడ గీయడానికి కారణం ఉంది. పని జరిగిందా లేదా అన్నది ఒక ప్రశ్న, ఆ పని మనిషికి చాలిందా లేదా అన్నది మరో ప్రశ్న. రెండిటినీ ఒకే అంకెలో కలిపితే ఏదీ తేలదు. మీలాంటి వాళ్ల కోసం రెండో అంకె వేరుగా ఉంది. పూర్తికాలం పని కావాలనుకుని, దొరక్క 35 గంటల లోపు చేసేవాళ్లని 'ఆర్థిక కారణాల వల్ల పార్ట్‌టైమ్' అని విడిగా రాస్తారు. వాళ్లనీ, పని కావాలని ఉన్నా ఇటీవల వెతకనివాళ్లనీ కలిపి 'యూ-6' అని ఒక విస్తృత రేటు ప్రకటిస్తారు. రాష్ట్రాలకీ ఇస్తారు, కాకపోతే శాంపిల్ చిన్నది కాబట్టి నాలుగు త్రైమాసికాల సగటుగా.

డల్లాస్‌కుర్రాడు

గీత ఎందుకో అర్థమైంది. కానీ టీవీలో వచ్చేది మాత్రం ఒక్క రేటే కదా మాస్టారూ. యూ-6 పేరు ఇంట్లో మా నాన్నకి తెలియదు, మా మేనేజరుకి తెలియదు. నా అసంతృప్తి అక్కడే ఉంది, అది అలాగే ఉంచుకుంటాను.

లెక్కలమాస్టారు

ఉంచుకోండి. ఇరవై ఏళ్లు ఆ శాఖలో ఉన్న నాకూ అదే అసంతృప్తి.

ఇరుగుపొరుగురాష్ట్రం

49 లక్షలు, 44 లక్షలు అన్న మొదటి ప్రశ్న అలాగే ఉండిపోయింది. నేను మేరీల్యాండ్‌లో ఉంటూ డీసీలో పనిచేస్తాను కాబట్టి దీనికి నేనే ఉదాహరణ.

లేబర్ ఫోర్స్ *మనుషుల్ని*, వాళ్లు *నిద్రపోయే చోట* లెక్కిస్తుంది. పేరోల్ సర్వే (ఇళ్లని కాక యజమానులని అడిగేది) *ఉద్యోగాల్ని*, అవి *ఉన్న చోట* లెక్కిస్తుంది. నేను మేరీల్యాండ్ శ్రామిక శక్తిలో ఒకడిని, డీసీ పేరోల్‌లో ఒక ఉద్యోగాన్ని. డీసీలో ఉద్యోగాలు ఏడున్నర లక్షల దరిదాపుల్లో ఉంటాయి, అక్కడ నివసించే శ్రామిక శక్తి నాలుగు లక్షల చిల్లర. ఆ తేడా అంతా పొద్దున్నే మెట్రో ఎక్కి వచ్చే మాలాంటివాళ్లం.

న్యూజెర్సీది దీనికి తిరగేసిన కథ. హడ్సన్ నది దాటి మాన్‌హట్టన్‌కి వెళ్లేవాళ్లంతా మీ లేబర్ ఫోర్స్‌లో ఉంటారు, న్యూయార్క్ పేరోల్‌లో కనిపిస్తారు. పైగా సొంత వ్యాపారం ఉన్నవాళ్లు, పొలం పని చేసేవాళ్లు, ఇళ్లలో పనిచేసేవాళ్లు పేరోల్ సర్వేలో ఉండరు. అటువైపు, రెండు కంపెనీల్లో పనిచేసే మనిషి పేరోల్‌లో రెండుసార్లు వస్తాడు, లేబర్ ఫోర్స్‌లో ఒక్కసారే. నిరుద్యోగులకి తోడు ఇవన్నీ కలిస్తే మీ ఐదు లక్షల తేడా వచ్చింది.

హడ్సన్‌గట్టు

అయ్యో, మాన్‌హట్టన్ వెళ్లే పాత్ (PATH) రైల్లో నేనే రోజూ వీళ్లందరినీ చూస్తాను! ఇంత తేలికైన విషయం తట్టలేదు.

నార్‌ఫోక్‌అల్లుడు

సైన్యం గురించి ఒక మాట. మా బావమరిది నేవీలో ఉన్నాడు. తను లెక్కలో లేడు. వాళ్లావిడ స్కూల్లో టీచరు, ఆమె లెక్కలో ఉంది. షిప్‌యార్డులో పనిచేసే సివిలియన్ ఉద్యోగి జీతం నేవీ ఇచ్చినా అతనూ లెక్కలోనే. నెలకో వారాంతం డ్రిల్లుకి వెళ్లే రిజర్విస్టు తన మామూలు ఉద్యోగాన్ని బట్టి లెక్కలోకి వస్తాడు. యూనిఫాం విప్పి పని వెతకడం మొదలుపెట్టిన మర్నాటి నుంచి మా బావమరిదీ వస్తాడు.

వర్జీనియా, హవాయి, అలాస్కా లాంటి చోట్ల ఇది చిన్న విషయం కాదు. పెద్ద బేస్ ఉన్న ఊళ్లో వేలమంది యువకులు లవంలోనూ లేరు, హారంలోనూ లేరు.

లెక్కలమాస్టారు

బాగా చెప్పారు. ఒకప్పుడు కలిపే ప్రయత్నం కూడా జరిగింది. 1983 నుంచి దేశంలో ఉన్న సైనికుల్ని ఉద్యోగస్తులుగా కలిపి జాతీయ స్థాయిలో మరో రేటు ఇచ్చేవారు. 1994లో మానేశారు.

అమ్మా, పాత అంకెలు ఎందుకు మారాయని అడిగారు. మీ షీటు చెడిపోలేదు, ఏటా ఆ కాలంలో జరిగేదే అది. సర్వే చెప్పేది నిష్పత్తులు మాత్రమే. నూరుమందిలో ఇంతమంది పనిలో ఉన్నారు అని. ఆ నూరుని లక్షలుగా మార్చాలంటే రాష్ట్రంలో 16 దాటినవాళ్లు ఎంతమందో తెలియాలి. ఆ జనాభా అంచనా సెన్సస్ బ్యూరో ఇస్తుంది. జననాలు, మరణాలు, వలసలు చూసి ప్రతి ఏడాదీ దాన్ని సవరిస్తారు. 2025 జనవరిలో ఏమైందో చూడండి. వలసల అంచనా సవరించారు. దాంతో దేశంలో 16 దాటిన జనాభా ఒక్క నెలలో దాదాపు 29 లక్షలు, శ్రామిక శక్తి దాదాపు 21 లక్షలు పెరిగినట్టు కనిపించింది. ఆ నెలలో అంతమంది విమానం దిగలేదు. ముందే ఉన్నవాళ్లు లెక్కలోకి ఆలస్యంగా వచ్చారంతే.

జాతీయ అంకెల్లో ఆ మెట్టుని అలాగే ఉంచేస్తారు, వెనక్కి వెళ్లి సరిచేయరు. రాష్ట్రాలకి మాత్రం ఏడాది మొదట్లో కొత్త జనాభాతో మోడల్ని మళ్లీ నడిపి పాత నెలల్నీ మారుస్తారు. కాబట్టి జనవరిలో దించుకున్న షీటు పక్కన ఏప్రిల్లో దించుకున్న గడిని పెట్టి పోల్చకూడదు. పోల్చాలంటే మొత్తం వరసని ఒకే రోజు దించుకోండి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో సరిగ్గా ఈ పొరపాటే చేసి, లేని పెరుగుదల ఉందని పై అధికారికి నోట్ పంపాను. అది ముద్రణకి వెళ్లే ముందు ఒక సీనియర్ చూసి ఆపింది.

ఇంకో సర్దుబాటు ప్రతి నెలా జరుగుతుంది. 2005 నుంచి అన్ని రాష్ట్రాల మొత్తం, జాతీయ సర్వే మొత్తంతో సరిపోయేలా సవరిస్తున్నారు. దేశాన్ని తొమ్మిది డివిజన్లుగా చేశారు. న్యూజెర్సీ, న్యూయార్క్, పెన్సిల్వేనియాలు కలిసి మిడిల్ అట్లాంటిక్. ముందు డివిజన్ దేశంతో సరిపోవాలి, తర్వాత రాష్ట్రం డివిజన్‌తో సరిపోవాలి. అంటే మీ రాష్ట్రపు అంకెలో పక్క రాష్ట్రాల ఛాయ కొంచెం ఉంటుంది.

పట్టికలపిచ్చి

బీఎల్ఎస్ సైట్లో వరస సంఖ్య వెతికేటప్పుడు ఒక చిట్కా. రాష్ట్రపు వరస సంఖ్య చివర 03 ఉంటే నిరుద్యోగ రేటు, 04 నిరుద్యోగులు, 05 ఉద్యోగులు, 06 లేబర్ ఫోర్స్. మొదట్లో 'ఎల్ఏ' తర్వాతి అక్షరం 'ఎస్' అయితే రుతు సవరణ చేసినది (ఏటా అదే కాలంలో వచ్చే ఎగుడుదిగుడుల్ని తీసేసినది), 'యూ' అయితే చేయనిది. ఈ రెండిటినీ కలిపి గ్రాఫ్ గీసినవాళ్లని చాలామందిని చూశాను. జూన్‌లో బడి పిల్లలు వేసవి పనులకి దిగగానే సవరించని వరస పైకి లేస్తుంది. అదేదో ఆర్థిక వ్యవస్థ పుంజుకుందని రాసేస్తారు.

హడ్సన్‌గట్టు

ఇవన్నీ నోట్ చేసుకున్నాను. ఇప్పుడు నన్ను తొలుస్తున్న ప్రశ్న వేరే ఉంది.

మా దగ్గర ఈ విడతలో 14 మంది ఆడవాళ్లు మెడికల్ బిల్లింగ్ నేర్చుకుంటున్నారు. పిల్లల కోసం ఆరేళ్లు, ఎనిమిదేళ్లు పని మానేసినవాళ్లు. వారానికి నాలుగు రోజులు క్లాసు, ఇంటికెళ్లి మళ్లీ రాత్రి చదువు. ఉద్యోగాలకి అప్లై చేయడం కోర్సు చివర్లో మొదలవుతుంది. వీళ్లు శ్రామిక శక్తిలో ఉన్నారా?

లెక్కలమాస్టారు

లేరమ్మా. రెజ్యూమే పంపడం, యజమానిని కలవడం, ఉద్యోగం ఉంటే చెప్పమని తెలిసినవాళ్లని అడగడం చురుకైన వెతుకులాట. ప్రకటనలు చదివి ఊరుకోవడం, శిక్షణ తరగతికి వెళ్లడం ఆ కోవలోకి రావు. తరగతి తప్ప ఇంకేమీ చేయకపోతే ఆ 14 మందీ 'శ్రామిక శక్తి బయట' అన్న గడిలో ఉంటారు.

హడ్సన్‌గట్టు

ఇది చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయాను. మా క్లాసులో ఒకామె ఫోన్లో అలారం పెట్టుకుని తెల్లవారుజామున నాలుగింటికి లేచి కోడ్‌లు బట్టీ పడుతుంది. ఈ అంకె ప్రకారం ఆమె ఏమీ చేయడం లేదు.

లెక్కలమాస్టారు

ఆమె ఏమీ చేయడం లేదని కాదు, ఈ నెల ఆమె పని బజారులోకి రాలేదని మాత్రమే ఆ అంకె అంటుంది. అంకెకి అంతకుమించి నోరు లేదు. అందుకే మీ పేజీలో నిరుద్యోగ రేటు ఒక్కటే రాయకండి.

చిన్న లెక్క వేస్తాను. నూరుమంది పెద్దవాళ్లలో 60 మంది పనిలో, నలుగురు వెతుకుతూ ఉన్నారనుకోండి. శ్రామిక శక్తి 64, నిరుద్యోగ రేటు 6.25 శాతం. ఆ నలుగురిలో ఇద్దరు విసిగి వెతకడం మానేశారు. శ్రామిక శక్తి 62, రేటు 3.2 శాతం. ఒక్కరికీ ఉద్యోగం రాలేదు, రేటు మాత్రం సగానికి పడింది. అదే మీ 14 మంది కోర్సు ముగించి అప్లికేషన్లు మొదలుపెడితే రేటు పైకి వెళ్తుంది. మీ సంస్థ చేసిన పని కనపడేది శ్రామిక శక్తి భాగస్వామ్య రేటులో. 16 దాటినవాళ్లలో ఎంతమంది శ్రామిక శక్తిలో ఉన్నారన్నదే అది. దేశం మొత్తానికి 2000 సంవత్సరం మొదట్లో 67.3 శాతం దాకా వెళ్లింది, అంత ఎత్తు ముందూ లేదు, తర్వాతా లేదు. రాష్ట్రాల మధ్య తేడా ఇంకా పెద్దది. వెస్ట్ వర్జీనియా ఏళ్ల తరబడి అట్టడుగున, 50ల మధ్యలో ఉంటుంది. నార్త్ డకోటా, నెబ్రాస్కాలు 70కి దగ్గరగా తిరుగుతాయి. వెస్ట్ వర్జీనియాలో వయసు మళ్లినవాళ్లు, బొగ్గు గనుల్లో ఆరోగ్యం పోగొట్టుకున్నవాళ్లు ఎక్కువ. నిరుద్యోగ రేటు ఒక్కటే చూస్తే ఈ రెండు లోకాల మధ్య అంత దూరం ఉందని తెలియదు.

ఇరుగుపొరుగురాష్ట్రం

2020 ఏప్రిల్ కూడా గుర్తు చేయాలి. దుకాణాలు మూసేసినప్పుడు ఇంట్లో కూర్చున్న చాలామంది 'ఉద్యోగం ఉంది, వేరే కారణాల వల్ల వెళ్లలేదు' అన్న గడిలో పడ్డారు. నిజానికి తాత్కాలిక లేఆఫ్‌లో పడాల్సినవాళ్లు. రేటు 14.7 శాతం అని ప్రకటించిన రోజునే, వాళ్లని సరైన గడిలో వేసి ఉంటే దాదాపు 5 పాయింట్లు ఎక్కువ ఉండేదని బీఎల్ఎస్ తన ప్రకటనలోనే రాసింది. అయినా అంకె మార్చలేదు. ఇంటివాళ్లు చెప్పిన జవాబుని ఆఫీసులో కూర్చుని దిద్దకూడదన్నది వాళ్ల నియమం. ఆ నిజాయితీకి నేను దండం పెడతాను.

మాస్టారూ, ఆ పొరపాటు వల్ల లేబర్ ఫోర్స్ పరిమాణం మారలేదు, అంతే కదా? అటు గడిలో ఉన్నా ఇటు గడిలో ఉన్నా వాళ్లు లోపలివాళ్లే.

లెక్కలమాస్టారు

సరిగ్గా పట్టుకున్నారు. మారలేదు.

రిచ్మండ్‌శారద

నాకు ఒక దిగులు ఉంది, చెప్పనివ్వండి. మా ఇంటికి వచ్చిన పెద్దావిడ రెండో విడతలో, ఇప్పుడు తలుపు తీసేవాళ్లే తగ్గిపోయారని చెప్పింది. పదేళ్ల పైచిలుకు క్రితం పదింట తొమ్మిది ఇళ్లు జవాబు చెప్పేవట. ఇప్పుడు ఏడు కూడా లేవు. 2025 అక్టోబర్‌లో ప్రభుత్వం మూతపడినప్పుడైతే ఆ నెల ఇళ్లకి వెళ్లనే లేదు, ఆ గడి ఖాళీగా మిగిలిపోయింది. మనవాళ్లలో చాలామంది తెలియని నంబరు అని ఫోన్ ఎత్తరు, వీసా భయంతో తలుపు తీయరు. వాళ్లు తెచ్చే జవాబులు గణాంకాలకే వాడాలి, బయటపెట్టడం చట్టరీత్యా నేరం. మనం తలుపు తీయకపోతే మనలాంటి ఇళ్ల తరఫున కూడా వేరెవరి జవాబులో లెక్కలోకి వెళ్తాయి.

నార్‌ఫోక్‌అల్లుడు

అత్తయ్యా, మొన్న మాకూ ఒక ఉత్తరం వచ్చింది. పారేయలేదు, డ్రాయర్లో ఉంది. ఇవాళే తీసి చూస్తాను.

పట్టికలపిచ్చి

హడ్సన్‌గట్టు గారూ, డబ్బు సంగతి కూడా మీ బోర్డుకి చెప్పండి. 2014 నాటి వర్క్‌ఫోర్స్ చట్టం కింద వయోజన శిక్షణ నిధుల్ని రాష్ట్రాలకి పంచే సూత్రంలో మూడు సమాన వంతులున్నాయి. ఒక వంతు కనీసం 6.5 శాతం నిరుద్యోగం ఉన్న ప్రాంతాలని చూస్తుంది. ఇంకో వంతు శ్రామిక శక్తిలో 4.5 శాతానికి మించిన నిరుద్యోగులని చూస్తుంది. మూడోది పేద కుటుంబాల వయోజనులని. రెండు వంతుల్లో హారం ఈ లేబర్ ఫోర్సే. పని వెతకడం మానేసినవాళ్లు ఎక్కువున్న ప్రాంతానికి, అవసరం పెరిగినా సూత్రం ప్రకారం వాటా తగ్గగలదు.

హడ్సన్‌గట్టు

పేజీ రాశాను. మొదటి పేరా ఇది, తప్పులుంటే దిద్దండి:

"న్యూజెర్సీలో నివసించే, 16 ఏళ్లు దాటిన పౌరులలో దాదాపు 49 లక్షల మంది పనిలో ఉన్నారు లేదా పని వెతుకుతున్నారు. ఇది ఇళ్లలో జరిగే సర్వే ఆధారంగా మోడల్ వేసిన అంచనా. ఏటా సవరిస్తారు. వీరిలో చాలామంది పక్క రాష్ట్రాల్లో పనిచేస్తారు. మా శిక్షణలో ఉన్నవారిలో ఎక్కువమంది ఈ సంఖ్యలో ఇంకా లేరు. వారిని ఇందులోకి తీసుకురావడమే మా పని."

లెక్కలమాస్టారు

చివరి రెండు వాక్యాలు ముట్టుకోకండి. రెండే సవరణలు. 'పౌరులు' అంటే సిటిజన్లు అనుకుంటారు. మీ మరదలూ ఆ జనాభాలోనే ఉంది కదా. 'సైన్యంలో గానీ జైలు లాంటి సంస్థల్లో గానీ లేనివారు' అని రాయండి. కింద చిన్న అక్షరాల్లో ఏ నెల అంకెలో, ఏ తేదీన దించుకున్నారో వేయండి.

హడ్సన్‌గట్టు

మార్చాను. తేదీ కూడా వేశాను. రేపు ఉదయం పది గంటలకి మీటింగు.